చూసి చెప్పాల్సిన భాష

నేను పదిమంది ముందు నోరు విప్పి చెప్పిన మొట్టమొదటి ఇంగ్లీషు వాక్యం నిజం కాదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటినుంచీ రోజూ పడుకోబోయే ముందు డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, కూరల రుచుల దగ్గర్నుంచి కోపతాపాల దాకా అన్నీ అందులో పెట్టుకున్నదాన్ని, ఈ ఒక్కటీ అక్కడ కూడా రాయలేదు. ఆ వాక్యం వల్లే నా చదువు ఆగకుండా నిలిచింది. ఆ వాక్యం వల్లే ఇవాళ నందిగామలో ఆడపిల్లలకి ఇంగ్లీషు చెప్పగలుగుతున్నాను. నాకు ఇంగ్లీషు నేర్పిన బేగం టీచరుగారు పోయిన నెలలో ఈ ఊళ్ళోనే, వాళ్ళ అన్నగారింట్లో కన్నుమూశారు. ఆవిడ ఉండగా ఆవిడకే చెప్పలేకపోయిన మాట ఇప్పుడు రాయాలనిపిస్తోంది. తప్పు ఒప్పుకుందామని కాదు. ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇన్నేళ్ళయినా తగ్గలేదు, అందుకని.

మాది జగ్గయ్యపేట. నాన్నగారిది మిరపకాయల వ్యాపారం. కొట్టు బజార్లో ఉన్నా, సరుకు దిగే రోజుల్లో బస్తాలు మా ఇంటి వసారా దాకా వచ్చేవి. ఇల్లంతా ఘాటు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మడం మొదలుపెట్టేవాళ్ళు. మాకు మాత్రం ఆ ఘాటు తెలిసేది కాదు. మా బట్టలకీ, దిళ్ళకీ, పుస్తకాలకీ అదే వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే రాజేశ్వరి నా పుస్తకం తెరిచి మొహం దగ్గర పెట్టుకుని, దీంతో పచ్చడి నూరుకోవచ్చని నవ్వేది. నాన్నగారు పొద్దున్నే అన్నం తిని కొట్టుకి వెళ్ళిపోయేవారు కనుక అమ్మ తెల్లవారుజామునే పొయ్యి రాజేసేది. మేం బడికి బయల్దేరే వేళకి వంట అయిపోయి, పొయ్యి ఆరిపోయి, దాన్ని అలికి ముగ్గు పెట్టడం కూడా అయిపోయేది. మళ్ళీ దీపాలు పెట్టే వేళకే నిప్పు. మధ్యాహ్నం తినేది పొద్దుటి అన్నమే, మజ్జిగతోనూ పచ్చడితోనూ. ఈ పద్ధతి వీధిలో అందరికీ తెలుసు. మా వంటింటి పెంకుల సందుల్లోంచి లేచే పొగని బట్టి ఇప్పుడు ఏ వేళయిందో చెప్పేవాళ్ళు.

ఇంట్లో పెద్దదిక్కు నాయనమ్మ. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, పెరట్లో కరివేపచెట్టు పక్కన రాతి మీద కూర్చుని చుట్ట వెలిగించేది. చుట్ట వెలిగిందంటే ఎవరిని ఏమన్నా చెల్లుతుందని ఆవిడ లెక్క. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుని కాపురానికి వచ్చింది. పచారీ సామాను కట్టి ఇచ్చిన కాగితాన్ని విప్పి, చదివి, మడతలు సాపు చేసి దాచేది. నాయనమ్మ అది చూసి, మా కోడలు జీలకర్ర పారేసి పొట్లం దాచుకుంటుందే అని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వించేది. అమ్మ కూడా నవ్వేది. తర్వాత కొన్నాళ్ళకి ఆ కాగితాలు నాకు ఇచ్చి చదువుకోమనేది. నాకు చదువు పిచ్చి పట్టింది ఆ పొట్లాల కాగితాలతోనే. ఏ కథ మొదలూ దొరికేది కాదు, ఏ కథ చివరా దొరికేది కాదు. మధ్యలో రెండు పేరాలు, నూనె మరకల కింద నుంచి.

చదవడం సరే, మాట్లాడటమే చేతనయ్యేది కాదు. ఇంట్లో గలగలా వాగేదాన్ని, గడప దాటగానే గొంతు ఎక్కడో దాక్కునేది. ఐదో తరగతి దాకా పలక మీద రాసి చూపించి గట్టెక్కాను. ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, ఇంగ్లీషు మొదలవుతుంది. ఇంగ్లీషు చెప్పే శేషయ్య మాస్టారి క్లాసులో ప్రతి పిల్లా రోజూ లేచి నిలబడి ఒక వాక్యం పైకి చదవాలి, మాట మాటకీ తెలుగు అర్థం చెప్పాలి. చెప్పకపోతే బెత్తం. వరసగా చెప్పకపోతే ఇంటికి కబురు. అలా కబురొచ్చి బడి మానేసిన ఆడపిల్లలు మా వీధిలోనే ఉన్నారు. నాన్నగారు చెడ్డవారు కాదు, లెక్క మనిషి. బడి తెరిచే ముందు అమ్మతో అన్నారు, "అక్కడ నోరు విప్పిందా, చదివిద్దాం. విప్పలేదా, ఊరికే బల్ల మీద కూర్చోపెట్టడానికి పంపడం దేనికి?" ఆ పూట అమ్మ నా జడ నొప్పి పుట్టేలా బిగించి అల్లింది.

ఆ ఏడు ఫస్టు ఫారాన్ని రెండు సెక్షన్లు చేశారు. ఒకటి శేషయ్య మాస్టారికి. రెండోది, నేను పడినది, అప్పుడే హైదరాబాదులో కొన్ని నెలలు కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చిన బేగం టీచరుగారికి. ఆవిడ నందిగామ మనిషి. మా ఊళ్ళో మేనత్తగారితో కలిసి చిన్న వాటా అద్దెకు తీసుకుని ఉండేవారు. సన్నంచు తెల్లచీర, నల్లఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో గోనెసంచి. మొదటి రోజు ఆవిడ సంచిలోంచి తీసినవి ఒక గరిటె, ఒక చెంబు, ఒక తాళంచెవి, ఒక నిమ్మకాయ. పలకరింపు లేదు, పేర్లు పిలవడం లేదు. నిమ్మకాయ పైకెత్తి పట్టుకుని "దిస్ ఈజ్ ఎ లైమ్" అన్నారు. మళ్ళీ అన్నారు. గోటితో దాని తొక్క కొంచెం గీరి మా వరస మధ్యనుంచి నడిచారు. వాసన వచ్చింది. మళ్ళీ అదే మాట. అంతే, అది ఏమిటో ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. మధ్యలో తెలుగు మాట లేదు. కాయకీ ఆ చప్పుడుకీ మధ్య ఇంకేదీ లేదు. గోడ అవతల మొదటి సెక్షన్ పిల్లలు బుక్కు అంటే పుస్తకం, పుస్తకం అంటే బుక్కు అని వల్లిస్తున్నారు. మాకు మాత్రం ఏదీ ఇంకొకటి కాదు. నిమ్మకాయ నిమ్మకాయే, ఇంకో పేరుతో మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి, వంటింట్లో కాయల బుట్ట ముందు కూర్చుని ఎంతసేపు చూశానో.

క్లాసులో ఆవిడ తెలుగు మాట్లాడేవారు కాదు, మమ్మల్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. రీడరు పుస్తకాలు ఇంట్లోనే ఉంచమన్నారు. ముందు వినాలి, తర్వాత అందరం కలిసి అనాలి, తర్వాత వరసలవారీగా, చివరికి ఒక్కొక్కళ్ళం. ఏం చెప్పినా ఆ పని చేస్తూ చెప్పాలి. తలుపు దగ్గరికి నడుస్తూ, నేను తలుపు దగ్గరికి వెళ్తున్నాను అనాలి. తెరుస్తూ, తెరుస్తున్నాను అనాలి. గేటు దగ్గర ఎవరున్నారని ఆవిడ అడిగితే, తెలిసినా సరే కూర్చున్నచోటునుంచి చెప్పకూడదు. "గో అండ్ సీ" అనేవారు. పిల్ల వరండాలోకి వెళ్ళి, గేటు వైపు చూసి, తిరిగొచ్చి, అప్పుడు చెప్పాలి. ఒకసారి రాజేశ్వరి అలా వెళ్ళి, గేటు దగ్గర ఉన్న మేకని చూసి వచ్చి, మేకని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక మళ్ళీ వెళ్ళి దాన్ని చెవి పట్టుకుని క్లాసులోకి లాక్కొచ్చింది. టీచరుగారు కోప్పడలేదు. మేకకి చెయ్యి చూపించి దాని పేరు చెప్పారు. మేక ఉండగానే అందరం అన్నాం.

దాంతో మాకు ఒక నమ్మకం ఏర్పడింది. ఎవరూ చెప్పలేదు, మాకై మేమే అనుకున్నాం. ఇంగ్లీషంటే కళ్ళతో చూసి మాత్రమే చెప్పాల్సిన భాష. ఎదురుగా లేనిదాన్ని గురించి అందులో మాట్లాడటం కుదరదు. తెలుగులో ఏమైనా అనొచ్చు, కోతలు కొయ్యొచ్చు, చాడీలు చెప్పొచ్చు. ఇంగ్లీషులో కుదరదు. దొరల భాష కదా, దాని నియమం అలా ఉంటుందేమో అనుకున్నాం. నాకది ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. దేవుడి గదిలోకి కాళ్ళు కడుక్కుని వెళ్ళినట్టు ఆ క్లాసులోకి వెళ్ళేదాన్ని.

అయినా నా నోరు మాత్రం పెగలలేదు. మొదటి వారంలో నా వంతు వచ్చింది. చేతిలో చెంబు పెట్టి టీచరుగారు నా ఎదురుగా నిల్చున్నారు. మాట నాలుక మీదే ఉంది. చెమటకి చెంబు జారుతోంది, మాట మాత్రం జారలేదు. ఆవిడ కాసేపు చూసి, నేను చెప్పేసినట్టే తలాడించి, చెంబు తీసుకుని పక్కపిల్లకి ఇచ్చారు. బడి వదిలాక వరండాలో పిలిచి, అక్కడ తెలుగులో మాట్లాడారు. "భయపడకు అమ్మాయ్. నీకు నోరొచ్చేదాకా నేనడగను. చెవులు మాత్రం నాకివ్వు. ఇక్కడ పరీక్ష నీకు కాదు, నా పద్ధతికి. మాట్లాడకుండా వినేవాళ్ళకి భాష వస్తుందా, రాదా? నాకూ చూడాలనే ఉంది." రోజూ సాయంత్రం ఆవిడ వరండాలో బల్ల వేసుకుని ఆనాడు క్లాసులో ఏం జరిగిందో, ఎవరు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, నెలకోసారి హైదరాబాదులో తనకి నేర్పినవాళ్ళకి పంపేవారు. అంత చదువుకున్న మనిషి తనకి తెలియనిదాన్ని తెలియదని పదకొండేళ్ళ పిల్లతో చెప్పడం నేను అప్పటిదాకా చూడలేదు. ఇప్పుడు మా స్టాఫు రూములో కూర్చుని ఆలోచిస్తే, తర్వాత కూడా పెద్దగా చూడలేదనిపిస్తోంది.

క్లాసులో దాచిన మాటలన్నీ సాయంత్రం పెరట్లో పారబోసేదాన్ని. నాయనమ్మ రాతి మీద చుట్టతో, నేను ఎదురుగా గరిటెతో. ఆవిడ నోట్లోంచి చుట్ట తియ్యకుండానే, "ఇవాళేం చూపించిందే మీ పంతులమ్మ?" అని అడిగేది. నేను పద్ధతంతా నటించి చూపించేదాన్ని. నాయనమ్మ పొగ వదిలి, "వస్తువు చూపించి పేరు చెబితే జీతమిస్తున్నారా? నీకు చందమామని చూపించి మాటలు నేర్పింది నేను. నాకెవరిచ్చారే?" అనేది. అమ్మ కొంచెం అవతల చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ ఉండేది. తల ఎత్తేది కాదు. మా మాటలు ఆవిడ చెవిన పడుతున్నాయని కూడా నేను అనుకోలేదు. ఒక్కోసారి ఏరిన చోటే మళ్ళీ ఏరుతుండేది. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

దసరా దగ్గర పడేసరికి ఊళ్ళో గొడవ లేచింది. మొదటి సెక్షన్ పిల్లలు రీడరులో సగం పాఠాలకి అర్థాలు అప్పజెబుతున్నారు. మా పుస్తకాలకి ఇంకా అట్టలు కూడా నలగలేదు. ఇళ్ళకి చుట్టాలొచ్చినప్పుడు, ఏదీ, ఇంగ్లీషులో ఏదన్నా రాయమంటే మాకు రాయడం రాదు. తండ్రులు నలుగురైదుగురు, వాళ్ళలో మా నాన్నగారు, కలిసి హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళారు. పిల్లలతో మేకల్ని పట్టిస్తున్నారని ఎవరో అన్నారట. హెడ్మిస్ట్రెస్ గారు ఎవరినీ నొప్పించని మనిషి. సెలవుల ముందు ఇన్‌స్పెక్టరుగారు వస్తారు, ఆయన చూసి సరేనంటే ఈ పద్ధతి ఉంటుంది, లేదంటే రెండు సెక్షన్లూ కలిపి శేషయ్య మాస్టారికి అప్పజెబుతాం అని చెప్పి పంపించారు. ఆ సాయంత్రం నాన్నగారు ఇంట్లో ఈ మాట చెప్పి, నావైపు చూసి, "మాస్టారి దగ్గరికి మారాక తెలుస్తుంది నీ సంగతి" అన్నారు. నాకు అప్పుడే తెలిసిపోయింది. అక్కడ నాకు నోరొచ్చేదాకా ఆగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ దసరాతో నా బడి సరి.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కోటు, పంచె, మెడచుట్టూ జరీ ఉత్తరీయం, పెద్ద వయసు. మొదటి సెక్షన్ చూసి వచ్చేసరికి పొద్దెక్కింది. హెడ్మిస్ట్రెస్ గారు పక్కనుండగా మా క్లాసులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీచరుగారు కిటికీ పక్కన నిలబడ్డారు. మొదట అంతా సవ్యంగానే సాగింది. వస్తువులు చూపించారు, పిల్లలు చెప్పారు. తలుపులు తెరిచారు, మూశారు. ఆయన కాసేపు విని, చెయ్యెత్తి ఆపి, రాజేశ్వరిని తనే అడిగారు, మీ నాన్నగారు ఇప్పుడు ఏం చేస్తున్నారని, ఇంగ్లీషులో. రాజేశ్వరికి ప్రశ్న అర్థమైంది. జవాబుకి కావాల్సిన మాటలూ తెలుసు. కాని వాళ్ళ నాన్న ఎదురుగా లేడు. చూడకుండా ఎలా చెప్పడం? అది నోరు మూసుకుని నిలబడింది. ఆయన ఇంకో పిల్లని అడిగారు. అదీ అంతే. గదిలో అందరం ఒకే చిక్కులో ఉన్నాం, ఆ సంగతి పెద్దవాళ్ళకెవరికీ తెలియదు. ఆయన హెడ్మిస్ట్రెస్ గారి వైపు తిరిగి తెలుగులో అన్నారు, "కళ్ళముందున్నదే తప్ప ఇంకేం రాదండీ వీళ్ళకి. చిలకలకి నేర్పినట్టు నేర్పారు." బేగం టీచరుగారి మొహంలో రంగు పోయింది. ఎందుకు చెప్పడంలేదో ఆవిడకి అప్పుడే అర్థమైందని తర్వాత తెలుసుకున్నాను. తను చేసిన పొరపాటు ఆ క్షణంలోనే ఆవిడ కళ్ళకి కట్టిందట.

ఆయన చూపు చివరి వరసలో నా మీద పడింది. ఈ అమ్మాయి ఇంకా మాట్లాడటం మొదలుపెట్టలేదండి అని టీచరుగారు మెల్లగా అన్నారు. ఆయన వినిపించుకోకుండా నన్నడిగారు, "వాట్ ఈజ్ యువర్ మదర్ డూయింగ్ నౌ?"

నేను లేచాను. బల్ల పక్కనుంచి బయటికి వచ్చాను. గుమ్మం దాటాను. వెనకాల పిల్లలు కిసుక్కుమనడం వినిపించింది. భయపడి పారిపోతున్నానని అనుకుని ఉంటారు. నాకు ఆ క్షణంలో భయమే లేదు. ప్రశ్న అడిగారు, చూసి వచ్చి చెప్పాలి, అంతే. మా ఇల్లు బడి వెనక సందులోనే. ప్రహరీ కూలినచోటునుంచి దూరి పరుగెత్తాను.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. నాయనమ్మ పక్కింటికి వెళ్ళినట్టుంది, వసారాలో చెప్పుల్లేవు. వంటింటి తలుపు కూడా మూసి ఉంది. పగటిపూట దాన్ని మూయడం నేనెప్పుడూ చూడలేదు. సందులోంచి చూశాను. అలికిన పొయ్యి ముందు అమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు వరసగా గరిటె, చెంబు, తాళంచెవి, నిమ్మకాయ. ఒళ్ళో అట్ట నలగని నా రీడరు. అమ్మ నిమ్మకాయ పైకెత్తింది. పెదాలు కదిలాయి. మెల్లగా, నా గొంతులాగే, నా గొంతులో టీచరుగారి గొంతులాగే, "దిస్ ఈజ్ ఎ లైమ్" అంది. ఎదురుగా ఎవరో పిల్ల కూర్చున్నట్టు కాసేపు ఆగింది. ఆ పిల్ల జవాబు విన్నట్టు తలాడించింది. కాయని కింద పెట్టి గరిటె తీసుకుంది. అప్పుడు ఆవిడ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడని మొహం. ఎవరి కోడలి మొహమూ కాదు, నా అమ్మ మొహం కూడా కాదు.

తిరిగి సందులో నడిచాను, పరుగెత్తలేదు. చూసింది చెప్పడానికి మాటలు నా దగ్గర ఉన్నాయి. మై మదర్ ఈజ్ అని మొదలుపెట్టి, గరిటె అనొచ్చు, నిమ్మకాయ అనొచ్చు. కాని రాజేశ్వరి వింటుంది. సాయంత్రానికి వీధంతా వింటుంది. చీకటి పడేలోపు నాయనమ్మ చుట్ట వెలిగించి, మా కోడలు పొయ్యి ముందు బడి పెట్టిందే అంటుంది. అమ్మ నవ్వేస్తుంది. రేపటినుంచి ఆ నాలుగు వస్తువులూ వాటి వాటి చోట్లలో ఉంటాయి, అంతే. ప్రహరీ కూలినచోట కాసేపు నిలబడ్డాను. చెప్పకపోతే నా బడి పోతుంది. చెబితే అమ్మ బడి పోతుంది. చూడని మాట ఇంగ్లీషులో చెప్పడం కుదరదు. కుదరదనే అప్పటికీ నమ్ముతున్నాను.

ఇన్‌స్పెక్టరుగారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. నేను వెళ్ళాక ఏం జరిగిందో రాజేశ్వరి తర్వాత చెప్పింది. పిల్ల జడుసుకుందా అని ఆయన అడిగితే, "లేదండి, చూసి రావడానికెళ్ళింది. వస్తుంది" అని బేగం టీచరుగారు అన్నారట. ఆయన కోపగించుకోకుండా, అయితే చూద్దాం అని కూర్చున్నారట. నేను గుమ్మంలోకి వచ్చి, రొప్పుతూ, అందరి ఎదుటా నిలబడి చెప్పాను. "మై మదర్ ఈజ్ కుకింగ్ రైస్."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ వాక్యం ఎలా ఉందంటే, అప్పటిదాకా నేను విన్న ఇంగ్లీషు వాక్యాలన్నీ నేలమీద ఆనించిన కుండల్లా ఒక్కొక్క వస్తువు మీద కూర్చుని ఉండేవి. ఈ వాక్యం కింద ఏమీ లేదు. అన్నం లేదు, నిప్పు లేదు. అయినా పడిపోలేదు. గదిలో నలభైమంది పిల్లల మధ్య గాలిలో నిలబడి ఉంది, అందరూ దాన్ని నమ్ముతున్నారు. ఈ భాషలో లేనిదాన్ని కూడా చెప్పొచ్చు. ఉన్నదాన్ని దాచొచ్చు. ఒక మనిషిని ఒక మాట వెనక భద్రంగా కూర్చోపెట్టొచ్చు.

ఇన్‌స్పెక్టరుగారు కళ్ళద్దాలు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "అడిగినదానికి ఇంటిదాకా వెళ్ళి, నిజం కనుక్కుని వచ్చి చెప్పిన పిల్లని నా సర్వీసులో చూడలేదండీ" అని హెడ్మిస్ట్రెస్ గారితో అన్నారు. మిగతా పిల్లలు ఎందుకు చెప్పలేదో ఆయనకీ అర్థమైంది, పెద్దగా నవ్వారు. కంటికి కనపడనిదాన్ని కూడా చెప్పడం నేర్పండమ్మా అని టీచరుగారికి చెప్పి, ఈ పద్ధతి సాగనివ్వండి అని హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పి లేచారు. నేను నా చోట కూర్చున్నాక అనుకోకుండా కిటికీ వైపు చూశాను. బేగం టీచరుగారు ఇంకా అక్కడే నిలబడి బయటికి చూస్తున్నారు. ఆ కిటికీలోంచి సందు అవతల మా వంటింటి పెంకులు కనిపిస్తాయి. ఆ వేళప్పుడు వాటి మీద పొగ లేదు. ఎండ మాత్రమే ఉంది. ఆవిడ నావైపు తిరిగారు. మర్నాడు క్లాసులో, అంతకుముందెప్పుడో వచ్చి వెళ్ళిన మేక గురించి మాట్లాడటం మొదలుపెట్టాం. మేక ఎదురుగా లేదు. నిన్న అనేది ఇంగ్లీషులో కూడా ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

నాన్నగారు మళ్ళీ నా బడి మాట ఎత్తలేదు. పిల్ల ఇన్‌స్పెక్టరుకి ఇంగ్లీషులో జవాబు చెప్పిందని కొట్లో రైతులకి చెప్పుకునేవారు. అమ్మ ఆ కబురు విని, నేనేం చేస్తున్నానని చెప్పావే అని అడిగింది. అన్నం వండుతున్నావని చెప్పానన్నాను. ఆ వేళలోనా అని, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చేటలోకి తల వంచుకుంది. మా ఇద్దరి మధ్యా ఆ విషయం అంతటితో ఆగిపోయింది. నేను పొద్దున్న బడికి వెళ్ళేటప్పుడు రీడరు పుస్తకం ఇంట్లో మర్చిపోవడం మాత్రం అలవాటు చేసుకున్నాను, తర్వాత క్లాసుల్లో కూడా.

ఇప్పుడు నేను పాఠం చెప్పే గదిలో అరవైమంది ఆడపిల్లలు. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా వాక్యం మధ్యలో ఆపి, అది దాటాక మళ్ళీ అందుకుంటాను. అందరి చేతుల్లో గైడ్లు, గైడ్లలో అర్థాలు. పరీక్షకి అవే కావాలి. కొత్త పద్ధతి అని ఒకప్పుడు గొడవైనది ఇప్పుడు ట్రైనింగులో ఒక చాప్టరు. నేను కూడా దాన్ని చదివి, మార్కులు తెచ్చుకున్నాను. అందులో మేక లేదు, వరండాలో బల్ల లేదు. మాట్లాడని పిల్లని ఎంతకాలం ఆగి చూడాలో ఆ చాప్టరులో లేదు. ఇప్పటికీ తెలుగులో నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు దాక్కుంటుంది. ఇంగ్లీషులో దాక్కోదు. సంచిలో ఒక నిమ్మకాయ వేసుకుని వెళ్ళే రోజులు కొన్ని ఉంటాయి. చివరి వరసలో నోరు విప్పని పిల్ల ప్రతి ఏడూ ఒకతి ఉంటుంది. నేనడగను.

బేగం టీచరుగారు బదిలీ మీద నందిగామ వచ్చేశాక, నాకూ ఇక్కడే ఉద్యోగం దొరికింది. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి సెలవు పెట్టినప్పటినుంచి, బడి వదలగానే వాళ్ళ అన్నగారింటికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ రోజు శుక్రవారం. నవారు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. నా క్లాసులో సంగతులు అడిగారు, ఎవరు తడబడ్డారో, ఎందుకు తడబడ్డారో. చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. ఇక లేస్తానన్నాను.

ఆవిడ నన్ను పంపిన పని మీద మర్నాడు సాయంత్రం బడి కాగానే బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరాను. ఇంట్లో దీపాలు పెట్టే వేళ. మిరపకాయల ఘాటుకి నేనే గుమ్మంలో తుమ్మాను, అంత పరాయిదాన్నయ్యాను. వంటింటి తలుపు తెరిచే ఉంది. అమ్మ పొయ్యి ముందు ఉంది, ఎసరు మరుగుతోంది. గడప మీద నిలబడి, ఎందుకో, జీవితంలో మొదటిసారి అమ్మతో ఇంగ్లీషులో అన్నాను, "వాట్ ఆర్ యూ డూయింగ్?" అమ్మ తల తిప్పలేదు. బియ్యం ఎసట్లో పోసి, గరిటెతో ఒక్కసారి కలిపి, మూత పెట్టి, "ఐయామ్ కుకింగ్ రైస్" అంది. ఎక్కడా తడబడలేదు. తర్వాత తెలుగులో, కాళ్ళు కడుక్కుని రమ్మంది. పెరట్లోకి వెళ్ళి నాయనమ్మ కూర్చునే రాతి మీద చాలాసేపు కూర్చున్నాను. రాయి ఉంది, నాయనమ్మ లేదు. ఆ జవాబు పట్టుకుని సోమవారం పొద్దున్నే నందిగామలో బస్సు దిగాను. టీచరుగారు ఆదివారమే వెళ్ళిపోయారు.

శుక్రవారం నేను లేచి చెప్పులేసుకుంటుంటే ఆవిడ కళ్ళు తెరిచి, క్లాసులో అడిగే గొంతుతో, మీ అమ్మ ఇప్పుడు ఏం చేస్తోందని ఇంగ్లీషులో అడిగారు. నాకు ఆ కిటికీ, పొగలేని పెంకులు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అదే పాత జవాబు చెప్పబోయాను. ఆవిడ దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి ఆపారు.

"చూడకుండా చెప్పకు అమ్మాయ్. వెళ్ళి చూసి రా."